మా వైపు గట్టు

కిందటి వారం మా మకాం తీసేశారు.

పొలంలో గొడ్లకీ పాలేర్లకీ కట్టుకునే ఇంటిని మా వైపు మకాం అంటారు. మిగతా రైతులకి ఊళ్లో ఇల్లు ఉండి, పొలంలో మకాం ఉండేది. మాకు మకామే ఇల్లు. నేను పుట్టింది, పెళ్లయ్యేదాకా పెరిగింది అక్కడే. ఇప్పుడు ఆ పొలమంతా మా తమ్ముడి పిల్లలు రొయ్యల చెరువులకి ఇచ్చేశారు. "ఆఖరిసారి చూసుకుంటావేమో రా అత్తా" అని ఫోను చేస్తే ఆటో కట్టించుకుని వెళ్లాను.

నేను దిగేసరికి పెంకులు దింపేసి ఉన్నాయి. పొక్లెయిను గోడల్ని ఒక్కొక్కటే నెట్టింది. మట్టిగోడలు కదా, పెద్ద చప్పుడేమీ రాలేదు. ముసలి గేదె కూలబడినట్టు కూలబడ్డాయి. తర్వాత ఆ యంత్రం కాలువ గట్టు మీదికి వెళ్లి ఒక ముక్క కొరికి పైకెత్తింది. ఆ మట్టిలోంచి పీతలు జలజలా రాలాయి. కొన్ని డెక్కలు పైకెత్తి యంత్రం మీదికే ఎదురెళ్లాయి. వాటి మీదనుంచే అది వెళ్లిపోయింది. డ్రైవరు చెవుల్లో పాటలు పెట్టుకుని ఉన్నాడు. పావుగంటలో గట్టు లేదు.

ఆ గట్టు కోసం మా నాన్నగారు మా మామయ్య చేతి వేళ్లు నరికారు.

అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో. ఆ ఇంట్లో అన్నిటికీ తడిగడ్డి వాసన ఉండేది. వానాకాలంలో గొడ్లూ మేమూ ఒకే కప్పు కింద ఉండేవాళ్లం, మధ్యలో తాటాకు తడక. సాయంత్రం దోమలకని కొబ్బరి పీచు రాజేస్తే అన్నానికి కూడా ఆ పొగ పట్టేది. మా మామ్మ పనసాకులు బుట్టల్లా కుట్టి, వాటిలో మినప్పిండి పోసి పొట్టిక్కలు ఉడికించేది. ఆవిరి పైకి లేస్తుంటే ఇల్లంతా పచ్చి ఆకు వాసన. అవి తినేటప్పుడు మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టేవారు కాదు.

మిగతా వేళల్లో ఎవరికో ఒకరికి దెబ్బ పడుతూనే ఉండేది. మా నాన్నగారి కోపం నోట్లో ఉండేది కాదు, చేతుల్లో ఉండేది. ఒకసారి దుక్కిలో మొండికేసిన ఎద్దుని కాడితో కొడితే కొమ్ము విరిగి, లోపలి ఎర్రటి మాంసం కనిపించింది. సాయంత్రం ఆయనే పసుపూ ఆముదమూ పెట్టి గుడ్డ కట్టి, దాని మెడ నిమురుతూ చాలాసేపు నిలబడ్డారు. అమ్మని చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవారు. అమ్మ లేచి, జుట్టు ముడేసుకుని, "వడ్డించేదాండీ?" అనేది. మా వైపు మర్యాద అలాంటిది. తల పగిలినా అండీ పోదు.

నేనేమీ తక్కువదాన్ని కాదు. పీతని పట్టి, డెక్క విరిచి, దానితో నిద్రపోతున్న మామ్మ చీర కుచ్చిళ్లని చాపకి పట్టించి దాక్కునేదాన్ని. లేవబోయి పడి, "నీ చేతులు పడిపోనూ" అని తిట్టి, తనే పగలబడి నవ్వేది మామ్మ.

పీతలతో నాకు అంత పరిచయం ఎందుకంటే, వాటి కన్నాలు పూడ్చడం నా పని. మకాం వెనకే మురుగుకాలువ. చేలల్లో నిలిచిన నీళ్లన్నీ మోసుకుని సముద్రం వైపు పోయే కాలువ అది. ఇటు గట్టు మాది. అటు గట్టు మా అమ్మ పుట్టింటివాళ్లది. అమ్మని ఆ గట్టు మీంచి ఈ గట్టు మీదికి ఇచ్చారు, అంతే దూరం. మధ్యలో ఒక తాటిదుంగ వంతెన. అటు మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, రెండెకరాలు చేసుకునేవాడు. బడి కూడా అటే. దుంగ దాటి ఒక వానాకాలం బడికి వెళ్లాను నేను.

ఆ గట్ల నిండా పీతలు కన్నాలు తవ్వుతాయి. చెయ్యి పట్టేంత కన్నం చాలు, కాలువ నిండితే నీరు అందులోంచి దూరి గట్టునే తెంపేస్తుంది. అందుకని వానలకి ముందు ఎండుగడ్డిని బిర్రుగా చుట్టి కన్నంలోకి దోపి, పైన బంకమట్టి పట్టించి, మడమతో తొక్కేవాళ్లం. పిల్లల కాళ్లకే మెత్తన తెలుస్తుందని ఆ పని పిల్లలకి ఇచ్చేవారు. మా గట్టు మీద ప్రతి కన్నమూ నాకు తెలుసు.

మా మామయ్య అటు గట్టు మీంచి అరిచేవాడు. "ఏమే కోడలా, పీతలు కరవట్లేదా నిన్ను?"

"నన్ను కరిస్తే వాటికే విషం ఎక్కుతుంది మామయ్యా."

"అంత గడుసుదానివి కాబట్టే నిన్ను నా కొడుక్కి చేసుకుంటాను."

"ముందు కొడుకుని కనండి, తర్వాత చూద్దాం."

అప్పటికి ఆయనకి పెళ్లై రెండేళ్లు. మా అత్తయ్య పమిట అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ ఏడు ఊడ్పులైన పదిరోజులకే ముసురు పట్టింది. నాలుగు రోజులు వాన తెరిపివ్వలేదు. కాలువ రెండు గట్ల అంచులూ నాకుతూ పారింది. నిండిన కాలువ మట్టం కంటే చేలు పల్లం. ఇటు గట్టు తెగితే నీరంతా మా చేలో పడి, కాలువ దిగి, అటు చేను బతుకుతుంది. అటు తెగితే మాది బతుకుతుంది. ఏదీ తెగకుండా ఇంకో పూట వాన కురిస్తే రెండూ పోతాయి. లేత నాటు వారం మునిగితే కుళ్లిపోతుంది. అందుకని ముసురు పట్టిందంటే కాలువకి రెండు వైపులా మగవాళ్లు కర్రలు పట్టుకుని గట్లు కాసేవారు. వాన వెలిసేదాకా ఎవరికీ ఎవరూ చుట్టాలు కారు, స్నేహితులు కారు.

నాలుగో రోజు పొద్దున మా నాన్నగారు పార భుజాన వేసుకుని దుంగ మీద సగందాకా వెళ్లారు. అవతలి చివర మామయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"దారి తియ్యవోయ్."

"తియ్యలేనండి బావగారూ. తమరు వెనక్కెళ్లండి."

"రెండెకరాల కోసం నా పది ఎకరాలు ముంచుతావా?"

"నాకున్నవే రెండండి. దాటేరంటే కొట్టేస్తానండి. తర్వాత కాళ్లు పట్టుకుంటానండి, ముందు మాత్రం కొట్టేస్తాను."

నాన్నగారు దుంగ మీద ఉమ్మేసి వెనక్కి వచ్చారు. వచ్చి పాలేర్లిద్దరితో, "అన్నాలు తిని వెళ్దాం. అడ్డొస్తే నరికెయ్యడమే" అన్నారు. కొబ్బరికాయలు కొట్టే కత్తిని అరుగు రాయి మీద నూరడం మొదలుపెట్టారు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఆ నూరుడు వింటోంది. పొయ్యిలో మంట ఆరిపోయినా ఊదుతూనే ఉంది.

మధ్యాహ్నం మగవాళ్లు ముగ్గురికీ అమ్మ ఆకులు వేసింది. వడ్డించి, "గట్టు మీద ఎవరూ లేరు కదండీ, మీరు తినేదాకా నేను చూసొస్తాను" అని, తలమీద గోనె కప్పుకుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. అవతలి గట్టు మీద ఎవరూ కనబడలేదు. వాళ్లూ అన్నాలకి వెళ్లినట్టున్నారు.

"అన్నిట్లోకీ పెద్ద కన్నం ఏదే?" అంది అమ్మ.

నాకు గొప్పగా అనిపించింది. ఆ సంగతి నన్ను అడగాల్సిందే మరి. మొగలి పొద కిందికి తీసుకెళ్లి మడమతో తొక్కి చూపించాను. "ఇది మోచేతిదాకా పడుతుందమ్మా. రెండు చుట్టలు పెట్టాను దీనికి."

అమ్మ మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి లోపలికి దూర్చింది. గట్టిగా చేస్తోందనుకున్నాను. కానీ గడ్డిచుట్ట బయటికి వచ్చింది. ఇంకా లోపలికి పెట్టి రెండోది కూడా లాగేసింది. ముందు చిటికెన వేలంత ధార వచ్చింది. చూస్తుండగానే చేతి లావైంది. అమ్మ గడ్డిచుట్టలు రెండూ కాలువలోకి విసిరేసి, చెయ్యి కడుక్కుని, "పద" అంది.

"అమ్మా, మన వైపు గట్టమ్మా ఇది."

"తెలుసు. అడిగితే ఏమీ చూళ్లేదను."

ఇంటికొచ్చి అమ్మ మజ్జిగ వడ్డించింది. నాన్నగారు ఆవకాయ టెంక చీకుతున్నారు. వాన చప్పుడు కింద నాకొక్కదానికే ఇంకో చప్పుడు వినిపిస్తోంది. "ఇంకొంచెం వేసుకోండి" అంటోంది అమ్మ. వేసుకున్నారు. అంతలో గట్టు ధభీమని కూలిన శబ్దం వచ్చింది. గొడ్లు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.

మేము వెళ్లేసరికి మొగలి పొద లేదు. అక్కడ బండి పట్టేంత గండి పడి, ఎర్రనీరు సుళ్లు తిరుగుతూ మా చేలోకి పడుతోంది. సరిగ్గా అప్పుడే చప్పుడు విని మామయ్య కర్రతో అటు గట్టు మీదికి పరిగెత్తుకుని వచ్చాడు. అదే ఆయన ఖర్మ. నాన్నగారికి ఆయన అక్కడ నిలబడి ఉండడమొక్కటే కనిపించింది.

కత్తి పట్టుకుని దుంగ మీద పరిగెత్తారు. "నేను కాదండి బావగారూ, ఒట్టండి, నేను కాదండి" అంటూనే ఉన్నాడు మామయ్య. అంటూనే కర్ర ఎత్తి నుదుటి మీద కొట్టాడు. నాన్నగారి ముఖమంతా రక్తం కమ్మింది. ఆయన ఆగలేదు. రెండో దెబ్బకి ఎత్తిన కర్రని కత్తితో కొట్టబోయారు. కర్రకి తగల్లేదు, పట్టుకున్న చేతికి తగిలింది. మామయ్య అరవలేదు. కర్ర జారిపోయింది, ఎందుకు జారిపోయిందా అన్నట్టు చేతికేసి చూసుకున్నాడు. మూడు వేళ్లు లేవు. పాలేర్లు నాన్నగారిని వెనక నుంచి పట్టుకుని బురదలో పడేశారు. అత్తయ్య ఎక్కడి నుంచి వచ్చిందో, పమిట చింపి చెయ్యి చుట్టేస్తోంది. అమ్మ ఇటు గట్టున నిలబడిపోయింది. దుంగ దాటబోయి రెండడుగులు వేసి కూర్చుండిపోయింది.

సాయంత్రం నాన్నగారు అరుగు మీద కూర్చుంటే అమ్మ నుదుటికి కట్టు కట్టింది. "నా బావమరిదే కదే వాడు" అన్నారు. నన్ను పిలిచి, కత్తి కడిగి తెమ్మన్నారు. నూతి దగ్గర కూర్చుని కడిగాను. పిడి దగ్గర సందులో చేరిన రక్తం ఎంతకీ పోకపోతే పీచుతో తోమాను. కన్నం చూపించిందీ నేనే, కత్తి తోమిందీ నేనే. ఎవరికీ చెప్పలేదు.

వాన వెలిశాక మా మకాం వాకిట్లోనే తగువు పెట్టారు. మునసబుగారూ ఇంకో నలుగురు పెద్దలూ మంచాల మీద కూర్చున్నారు. మామయ్య చెయ్యి మెడకి కట్టుకుని, నేలమీద కూర్చున్నాడు. గుమ్మంలో అమ్మా అత్తయ్యా పక్కపక్కన నిలబడ్డారు. అత్తయ్య అప్పటికి మూడో నెల కడుపుతో ఉంది. నేను అమ్మ చీర పట్టుకుని ఉన్నాను.

"గండి ఎవరు కొట్టేరో చెప్పెయ్యండి. తెగ్గొట్టినవాళ్లది తప్పు, చెయ్యి చేసుకున్నవాళ్లది కూడా తప్పే. కానీ ముందుది తేలాలి" అన్నారు మునసబుగారు. నాకేసి చూసి, "పిల్ల రోజంతా గట్టు మీదే ఉంటుందంట కదా. నువ్వేమైనా చూసేవా అమ్మా?" అన్నారు.

చెబితే అమ్మని నాన్నగారు ఆ వాకిట్లోనే చంపేస్తారు. అది నాకు తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. చెప్పకపోతే మామయ్య దొంగవుతాడు. "చూళ్లేదండి" అన్నాను.

అమ్మ నా చేతిలోంచి చీర విడిపించుకుంది. ఒక అడుగు ముందుకి వేసి, "అయ్యా" అంది.

మామయ్య గుమ్మం వైపు చూశాడు. చూసి వెంటనే, "నేనే కొట్టేనండి" అన్నాడు.

నాన్నగారు లేచి మళ్లీ మీదికి వెళ్లబోతే పెద్దలు పట్టుకున్నారు. మామయ్య తల ఎత్తలేదు. తెగిన గట్టు ఆయనే పొయ్యాలని, ఆ తర్వాత మా గట్టు మీద కాలు పెట్టకూడదని తీర్పు చెప్పారు. ఎడమచేత్తో తట్టలు మోస్తూ ఆయన పది రోజులు మా గట్టు పోశాడు. మధ్యాహ్నాలు అమ్మ నాచేత మజ్జిగ పంపేది. తాగేవాడు కాదు. గట్టు పూర్తైన రోజు నాన్నగారు గొడ్డలి పట్టుకెళ్లి తాటిదుంగని రెండుగా నరికారు. ముక్కలు కాలువలో సముద్రం వైపు కొట్టుకుపోయాయి. నా బడి దానితోనే పోయింది. గుణింతం సగంలో ఉంది అప్పటికి. మిగతా సగం అరవై దాటాక, మా వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మగారు నేర్పారు.

ఆ ఏడు మా చేను కుళ్లిపోయింది. మెరకలో ఉన్న కాస్త పండితే అదే తిన్నాం. మామయ్య రెండెకరాలూ బాగా పండాయి. అవతలి గట్టు మీద కుప్ప నూర్చుతుంటే అమ్మ పెరట్లో నిలబడి చూసేది. ఒక్కసారి మాత్రం నాతో అంది. "ఎవరిదో ఒకరిది తెగిపోతే కర్రలు దింపేస్తారనుకున్నానే. మనకి మెరక చేనైనా ఉంది కదా అనుకున్నాను." ఆ లెక్కలో కోపం ఒక్కటే వేసుకోలేదు అమ్మ.

నాన్నగారు పోయేదాకా రాకపోకలు లేవు. పోయాక కూడా అమ్మ వెళ్లలేదు. "నా కోసం వేళ్లు పోయినా నోరు విప్పలేదు వాడు. నా తప్పు నెత్తినేసుకున్నాడు. ఆ చెయ్యి నేను చూడలేను" అనేది. ఆఖరి రోజుల్లో నా దగ్గరే, అమలాపురంలో ఉండేది. మంచం దిగలేని స్థితిలో ఒకరోజు, "నువ్వెళ్లి నా మాటగా చెప్పిరా. నన్ను కాపాడినందుకు దండం పెట్టానని చెప్పు" అంది.

వెళ్లాను. కాలువ మీద సిమెంటు వంతెన ఉంది. మామయ్య ముసలివాడైపోయి అరుగు మీద కూర్చుని, ఎడమచేత్తో కొబ్బరి ఈనెలు చీరుతున్నాడు. కుడిచేతి రెండు వేళ్లతో ఆకుని నొక్కిపెడుతున్నాడు.

"ఏమే కోడలా, ఇన్నాళ్లకి దారి తెలిసిందా?"

అమ్మ మాట చెప్పాను. గండి అమ్మే కొట్టిందని, కన్నం నేనే చూపించానని, అమ్మని కాపాడ్డానికి ఆయన ఒప్పుకోవడం అమ్మ మర్చిపోలేదని. ఆయన ఈనె కింద పెట్టేశాడు.

"అక్కని కాపాడ్డమేంటమ్మా?" అన్నాడు. కాసేపు నన్నే చూసి, లోపలున్న అత్తయ్యని పిలిచాడు. "ఏమే, ఇలా రా ఒకసారి."

"ఆయ్, వస్తన్నానండి." అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆ ఏడు గండి నువ్వు కొట్టలేదా?"

"నేనెందుకు కొడతానండి? కొట్టింది మీరు కదా. పదిమందిలో మీరే చెప్పేరు."

"నీ చేతులకి మోచేతులదాకా బురద ఉంది కదే ఆ రోజు."

"పీతలకి వెళ్లేనండి. మీకు పులుసు పెడదామని."

మామయ్య తన చేతికేసి చూసుకున్నాడు. నవ్వు మొదలై దగ్గులోకి దిగింది. అత్తయ్య వీపు రాసింది. "ప్రతి వానాకాలం నిన్ను తిట్టుకుంటూనే ఉన్నానే మనసులో" అన్నాడు.

"నేనూ తిట్టేనండి మిమ్మల్ని. మనసులో కాదు, పైకే."

"పైకి తిట్టేవి కానీ, దేనికని చెప్పేవా?"

అత్తయ్య అక్కడే కూర్చుంది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

నేను లేచేటప్పుడు అడిగాను. "అమ్మకి ఏం చెప్పమంటారు మామయ్యా?"

"ఆ రోజు గుమ్మంలో మీ అమ్మ కనబడనేలేదమ్మా నాకు. పెళ్లాం కడుపుతో ఉందని నెత్తినేసుకున్నాను. అక్కే అని తెలిస్తే, ఉన్న మాట పదిమందిలో చెప్పేసేవాణ్ణేమో. నా చెయ్యి అలా మండిపోతోంది అప్పుడు. మీ నాన్నగారు అక్కని నరికినా చూస్తూ కూర్చునేవాణ్ణేమో." కింద పెట్టిన ఈనె మళ్లీ అందుకుని, "అది చెప్పకు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ తలుపు వైపే చూస్తూ పడుకుని ఉంది.

"వాడేమన్నాడే?"

మంచం మీద కూర్చుని చెప్పాను. "అక్క కోసం రెండో చెయ్యి అడిగినా ఇచ్చేవాణ్ణని చెప్పమన్నాడమ్మా."

అమ్మ నా ముఖంలోకి చూసింది.

"వాడు అంత తియ్యగా ఎప్పుడూ మాట్లాడి ఎరగడే" అంది.

అమ్మ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఏదీ, మళ్లీ చెప్పు" అంది.

మళ్లీ చెప్పాను.